ఈరన్న మామ కోటు ఉతికిన పాపం

పాత కోటు ఒకటి ఉతికిన నేరానికి ఒక మనిషికి తొమ్మిది రోజుల పాటు స్నానం నిషేధిస్తూ తీర్పు చెప్పడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను. కళ్యాణదుర్గం దగ్గర మా మేనత్త వేరుశెనగ చేను గట్టు మీద, చేతులు కట్టుకుని నిలబడి మరీ విన్నాను. ముద్దాయిని నేనే కాబట్టి మధ్యలో లేచి వెళ్లడానికి కుదరలేదు. ఇప్పుడు నాకు పెళ్లయింది, జుట్టు పలచబడింది, నలుగురిలో కూర్చుంటే పెద్దమనిషి కిందే లెక్క వేస్తున్నారు. అయినా మా బంధువుల ఇళ్లలో ఏ శుభకార్యానికి వెళ్లినా గడప దగ్గర ఒకసారి నన్ను వాసన చూసి, ఆ తర్వాతే లోపలికి రమ్మంటారు. ఎందుకో చెబుతాను. నవ్వుకోండి, కానీ కాస్త మెల్లగా. మా అమ్మ పక్కగదిలోనే ఉంది. ఆమె చెవిన పడిందంటే మళ్లీ మొదటి నుంచి తిడుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, అనంతపురంలో మా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని చేసేవాణ్ణి. నా పేరు తిప్పేస్వామి. బెంగళూరు స్నేహితులు దాన్ని టిప్స్ అని కత్తిరించారు. ఆ స్నేహితుల్లో ప్రతీక్ అని ఒకడు నాకు ఒక జబ్బు అంటించాడు. పాత పనిబట్టల మీద మోజు. అదేం మోజు అంటారా? లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు ముప్పై నలభై ఏళ్ల కిందట తొడిగిన ఖాకీ చొక్కాలు, నీలం కోట్లు వెతికి తెచ్చుకోవడం, వాటి కుట్టు చూసి, వెలిసిన రంగు చూసి, వేసిన అతుకు చూసి ఆహా అనడం. ఫోన్లో మా గుంపు ఒకటి ఉండేది. ఎవడో మోచేతి దగ్గర చిరిగిన చొక్కా ఫొటో పెట్టేవాడు. మిగతావాళ్లం దాని కింద ఆనందబాష్పాలు రాల్చేవాళ్లం.

ఈ మోజుకు పెద్ద శాస్త్రమే ఉంది. గుండీలు ఇత్తడివైతే ఒక మెట్టు ఎక్కినట్టు. జేబు మీద మూడు వరసల కుట్టు ఉంటే ఇంకో మెట్టు. అతుకు మీద అతుకు పడి, ఆ పై అతుకు కూడా వెలిసి ఉంటే ఇక మోక్షమే. అన్నిటికన్నా పెద్ద సూత్రం, ఉతకకూడదు. ఉతికితే రంగు పోతుంది, ఒంటికి అలవాటైన మడతలు పోతాయి, ఆ మనిషి పడిన కష్టమంతా మోరీలో పోతుంది అని ప్రతీక్ బోధించేవాడు. నేను శిష్యుణ్ణి. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది ఉతకని చొక్కాలూ కోట్లూ ఒక ఇనప పెట్టెలో చేరాయి. ఆ పెట్టెకు మా ఇంట్లో ఏ గదిలోనూ చోటివ్వలేదు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టాను. అప్పటి నుంచి పక్కింటివాళ్లు వాళ్ల మిద్దె మీద వడియాలు పెట్టడం మానేశారు.

మొదటి చొక్కా తెచ్చిన రోజు అమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఏమిరా ఇది?"

"లారీ డ్రైవరు చొక్కా అమ్మా. ఇరవై ఐదేండ్లు ఇదే తొడిగినాడంట."

"తొడిగి?"

"తొడిగి నాకమ్మినాడు."

"దుడ్లిచ్చి తెచ్చినావా?"

"అవునమ్మా."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "లోకమంతా పాతగుడ్డలిచ్చి స్టీలు సామాన్లు తీసుకుంటాది. నువ్వు స్టీలు సామాన్లిచ్చి పాతగుడ్డలు తెచ్చేట్టుండావు. ఏమండీ, మీరన్నా చెప్పండి వీనికి."

నాయన పేపరు పక్కకు కూడా తీయలేదు. "ఎండలో తిరగద్దని అప్పుడే చెప్పినా," అన్నాడు.

పద్దెనిమిది నిండిన నెలకు పెట్టెలోంచి ఒక మెకానిక్కు కోటు మాయమైంది, వంటింట్లో మూత బిగుతుగా ఉన్న కొత్త స్టీలు డబ్బా కనబడింది. నేను ఒక పూట అన్నం మానేసి నిరసన తెలిపాను. సాయంత్రం ఆకలికి తట్టుకోలేక ఆ డబ్బాలోంచే మిక్చరు తీసుకుని తిన్నాను. పద్దెనిమిది పదిహేడయ్యాయి.

ఆ ఏడు మా వైపు వానలు పడ్డాయి. ఇది మీకు మామూలు వాక్యంలా అనిపించవచ్చు. మా జిల్లావాళ్లకు అనిపించదు. వరసగా రెండేళ్లు విత్తనం వేసి ఉత్త మట్టి చూసుకున్న మా నాగమ్మత్త చేన్లో, ఆ ఏడు చెట్టు పీకితే వేళ్ల నిండా గుత్తులుగా కాయ. ఇంకో రెండు వారాలు ఆగితే పీకేయవచ్చు. మామ కంటి ఆపరేషను, వచ్చే ఏటికి విత్తనం, అన్నీ ఆ కాయ మీదే ఆశ. నాగమ్మత్త మా నాయనకు అక్క. ఆమె గొంతెత్తితే ఊరి అవతల మేకలు కూడా మేత ఆపి తల ఎత్తుతాయి. మామ పేరు ఈరన్న. రైలు పట్టాల మీద గ్యాంగులో ముప్పై ఏళ్లు సుత్తె కొట్టి రిటైరైనవాడు, మాట తక్కువ మనిషి.

ఒక ఆదివారం అమ్మ నిమ్మకాయ ఊరగాయ డబ్బా ఇచ్చి నన్ను అత్త దగ్గరికి పంపింది. వెళ్లేసరికి మామ ఊళ్లో లేడు, యాడికి అనే ఊళ్లో ఉన్న కూతురి ఇంటికి పోయాడు. అత్త పొయ్యి మీద పచ్చి వేరుశెనక్కాయలకు నీళ్లు పెడుతోంది.

"శెనక్కాయలు ఉడికేలోపల చేను చూసి రాపో తిప్పా," అంది. "ఈ మాదిరి చేను నీ వయసుకి నువ్వు చూసింటావా?"

చూడలేదు. కానీ చేను చూడటానికి వెళ్లిన నేను ఈ చేనును కూడా చూడలేదు. అవతలి గుట్ట వైపు, గట్టు తెగి గండి పడిన చోట, ఒక కొయ్యకు తగిలించి ఉంది కోటు.

నీలం కోటు! ఒకప్పుడు సిరా రంగు అయ్యుండాలి. భుజాల మీద వెలిసి ఎండాకాలం ఆకాశంలా అయింది, చంకల కింద మాత్రం ఇంకా ముదురుగానే ఉంది. ఎడమ మోచేతికి గోనెపట్ట అతుకు. దాని మీద మైదాపిండి సంచి అతుకు. ఆ సంచి మీద అచ్చైన అక్షరాలు సగం వెలిసి, సగం దారం కింద దాక్కుని ఉన్నాయి. గుండీలు ఐదుకు ఐదూ ఇత్తడివి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కోటును కావలించుకున్నాను. వెంటనే వదిలేశాను. అలాంటి గబ్బు అంతకు ముందు నేనెరగను. మనిషి చెమట, మట్టి, బీడీ, పాత నూనె అన్నీ కలిసి, ముక్కులోంచి నేరుగా నడినెత్తికి ఎక్కింది.

అప్పుడు నేను చేసిన ఆలోచన వినండి. ఇది కాకుల్ని బెదిరించే బొమ్మ. కాకికి నీలమైతే ఏమిటి, తెలుపైతే ఏమిటి? అత్తను అడగాలా? అడిగితే కాదనదు. కానీ ఎందుకురా అంటుంది. శాస్త్రమంతా చెప్పాలి. చెబితే ఊరంతా చెబుతుంది. పరువు పోతుంది. ఊరకే తీసుకుంటే దొంగతనమవుతుంది. మార్పిడి చేస్తే? నేను పైన తొడుక్కున్న తెల్లచొక్కా, ఉగాదికి అమ్మ తీసిచ్చింది, విప్పి కొయ్యకు తొడిగాను. గుండీలన్నీ పెట్టాను. కాలరు కూడా సర్దాను. లోపలి టీషర్టుతో, చంకలో కోటుతో తిరిగి వస్తూ, మామకు మేలే చేశానని మనస్ఫూర్తిగా అనుకున్నాను. కోటును సంచి అడుగున కుక్కి, ఉడికిన శెనక్కాయలు రెండు దోసిళ్లు తిని, బస్సెక్కాను.

కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వరకు నా సీటు ముందూ వెనకా ఖాళీగానే ఉన్నాయి. నిలబడి ప్రయాణం చేసినవాళ్లున్నారు కానీ నా పక్కన కూర్చున్నవాళ్లు లేరు. కండక్టరు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏమన్నా, సంచిలో ఎండుచేపలా?"

"కాదన్నా, కోటు."

"కోటా?" అతను సంచి వైపు అనుమానంగా చూశాడు. "కోటులో మనిషి ఉండాడా?"

ఇంట్లో ఇంకా ఘోరం. ప్రతీక్‌కు ఫొటో పంపితే వాడు ఎగిరి గంతేసి, వారం పది రోజుల్లో చూడటానికి వస్తున్నానన్నాడు. వచ్చినవాడికి ముందు గదిలో గోడకు తగిలించి చూపాలని నా కోరిక. గోడకు తగిలించిన పావుగంటకు గోడ మీది బల్లి వెళ్లిపోయింది. అరగంటకు నాయన వెళ్లిపోయాడు. అమ్మ వాకిట్లోంచి కేక వేసింది. "ఒరే, కోటన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల. ఎవురు కావల్నో నువ్వే చెప్పు."

"యాడిదిరా అది?" అని కూడా అడిగింది. సంతలో కొన్నానని చెప్పాను. అబద్ధం ఒకటి, దాని పక్కనే సూత్రభంగం ఒకటి. బకెట్టు తీసుకున్నాను. ఏడాదిలో నేను ఉతికిన పనిబట్ట అదొక్కటే. మొదటి బకెట్టు నీళ్లు ఎర్రగా వచ్చాయి, చేనిమట్టి. రెండోది డికాషను రంగులో వచ్చింది, చెమట. మూడు, నాలుగు, ఐదు అయ్యాక, ఆరో బకెట్టులో లావెండరు వాసన ద్రవం మూత నిండా పోశాను. ఇంకో మూత కూడా పోశాను. తీగ మీద ఆరేస్తే వీధి చివర పూలకొట్టు పెట్టినంత వాసన. నన్ను నేనే మెచ్చుకున్నాను.

బుధవారం పొద్దున ఉప్మా తింటుంటే అత్త ఫోను. అమ్మ చేతులకు పిండి ఉందని స్పీకరులో పెట్టింది.

"ఏమ్మే సుజాతా, కొంప మునిగె! అడివిపందులు పడినాయి. రెండు రాత్రుల్లో కాలుభాగం చేను తిరగదున్నినట్టు చేసినాయి."

"అయ్యో వదినా! గండి కాడ అన్న కోటు కట్టలేదా?"

"కట్టకేమి! పదేండ్లుగా ఆ కోటే కాపలా. మీ అన్న చెమట కంపుకి ఒక్క పంది ఆ గండి దాటి రాలే. ఎవుడో, వాని చేతులు పడిపోను, కోటు ఎత్తకపోయి తెల్లచొక్కా తొడిగి పోయినాడు. పండగ చొక్కా! పందులకి పెండ్లిపిలుపు అనిపించిందో ఏమో, పిల్లాజెల్లాతో వచ్చినాయి."

ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది, నాకు కూడా అప్పుడే అర్థమైంది. గుట్టలున్న మా వైపు ఊళ్లలో కాయ పండితే రైతుకు మొదటి శత్రువు అడవిపంది. దానికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. అందుకని కష్టం చేసిన మనిషి ఒంటి మీది బట్టను ఉతక్కుండా తెచ్చి, పందులు దిగే దోవలో కడతారు. వాసన తగిలితే మనిషి ఉన్నాడనుకుని అవి వెనక్కి తిరుగుతాయి. ఈరన్న మామ ప్రతి ఏడూ కలుపు తీసేటప్పుడు ఆ కోటే తొడుక్కుని పనిచేసి, కొత్త చెమట పట్టించి, కాయ ముదిరే వేళకు తీసుకెళ్లి గండి దగ్గర కట్టేవాడు. కంచే చేను మేసిందని సామెత ఉంది. కంచెను ఉతికి ఆరేసినవాడి మీద సామెత ఇంకా పుట్టలేదు.

అమ్మ ఫోనుకు దగ్గరగా జరిగింది. "ఆ తెల్లచొక్కా ఉండాదా వదినా?"

"నమిలి ఊంచినాయి. కాలరుండాది, రోంత రొమ్ముగుడ్డ ఉండాది. నడిమి గుండీ పచ్చది, నల్లదారంతో కుట్టిండారు."

ఉగాది నాడు ఆ చొక్కాకు గుండీ ఊడితే, తెల్లది దొరక్క, పచ్చ గుండీని నల్లదారంతో కుట్టింది మా అమ్మే. ఆమె మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. తర్వాత కిటికీలోంచి తీగ మీది కోటును చూసింది. మళ్లీ నన్ను చూసింది. నేను ఉప్మాలో ఆవగింజలు వెతుకుతున్నాను.

"వదినా," అంది ఫోన్లోకి, గొంతు పెంచకుండానే, "దొంగ దొరికినాడు. తలకి పోసుకొని ఉండాడు. తీసుకొస్తాండా."

చేను చూశాక మాత్రం నాకు హాస్యం పోయింది. గండి నుంచి లోపలికి మట్టి అంతా పెళ్లగించి ఉంది. తిన్నవి కొన్ని, తొక్కినవి కొన్ని. అత్త ఒక్కొక్క చెట్టే ఎత్తి, వేళ్లకు ఏమైనా కాయ మిగిలిందేమో చూసి, ఒళ్లో వేసుకుంటోంది. నన్ను చూసి తిట్టలేదు. రెండేళ్లు ఎదురుచూసి పండించిన చేను అది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఆ ఉదయమే యాడికి నుంచి వచ్చిన మామ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పక్క చేన్లవాళ్లు పదిమంది చేరారు. నేను కోటును మడతపెట్టి రెండు చేతులతో అందించాను. మామ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చాడు.

"ఏమేసి ఉతికినావు అల్లుడా?"

"లావెండరు మామా."

"అంటే?"

"పువ్వు మామా."

"పువ్వా!" మామ కోటును పక్కవాడికిచ్చాడు. అతను వాసన చూసి ఇంకొకడికిచ్చాడు. కోటు గట్టు పొడుగునా ఒక చుట్టు తిరిగింది. "పట్టాల కాడ ముప్పై ఏండ్లు, చేన్లో పదేండ్లు. నలభై ఏండ్ల చెమట అల్లుడా. పువ్వేసి కడిగినావు."

తిడితే బాగుండేది. ఆ మాట అనేసి నా భుజం తట్టాడు. దాంతో నేను ఇంకా చిన్నబోయాను.

"దీన్ని ఇప్పుడు కడితే పందులు జడలో పెట్టుకొని పోతాయి," అన్నాడు పక్క చేనాయన.

"మళ్లా వాసన పట్టించల్ల," అన్నాడు ఇంకొకాయన. "ఈరన్నకి ఈ వయసులో అంత చెమట యాడొస్తాది?"

అప్పుడు లేచింది నాగమ్మత్త. ఒళ్లోని చెట్లు కింద పెట్టింది, కొంగు నడుముకు దోపింది. "వాసన పోగొట్టినోడే తేవల్ల. ఈ పొద్దు నుంచి ఆ కోటు వీని ఒంటి మీద ఉండల్ల. కాయ పీకేదానికి తొమ్మిది రోజులుండాది. తొమ్మిది రోజులూ పొద్దు పొడిస్తే చేన్లో, పొద్దు కుంకితే చేన్లో. నీళ్లు తాగేదానికే, పోసుకునేదానికి కాదు. సబ్బు ముట్టినావంటే నా చేన్లో అడుగు పెట్టొద్దు."

"వదినా, రోంత..." అంది అమ్మ. నా తరఫున మాట్లాడుతుందని ఆశపడ్డాను. "రోంత తెల్లగడ్డ, ఎర్రగడ్డ ఎక్కువ పెట్టు వదినా వీనికి. బిన్న, రెండు దినాలకే వాసన పడతాది."

అలా మొదలైంది. ఆఫీసుకు సెలవు పెట్టాను, బంధువుల ఇంట్లో అత్యవసరం అని. పొద్దున రాగిసంగటి, దాంతో పచ్చి ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం. తర్వాత గుట్ట కింద నుంచి రాళ్లు మోసి గండికి పేర్చడం. మధ్యాహ్నం ఎండలో ఆ మందం కోటు తొడుక్కుని గడ్డపార పోటు. మామ నీడలో కూర్చుని, "చెమట తుడవద్దు అల్లుడా, కోటుకి పోనీ," అని హెచ్చరించేవాడు. రాత్రిళ్లు మామా, పక్క చేన్లవాళ్లూ వంతులవారీగా డబ్బాలు కొట్టి కాపలా కాశారు. వాళ్ల నిద్ర కూడా నా వల్లే పోయింది. మూడో రోజు ఆఫీసువాళ్లు తప్పదని మీటింగుకు పిలిచి, కెమెరా ఆన్ చేయమన్నారు. చేశాను. ఆ తర్వాత సెలవు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

రోజూ సాయంత్రం పరీక్ష. పరీక్షాధికారి అత్తవాళ్ల కుక్క, రాజు. మొదటి రోజు నా దగ్గరికి తోక ఊపుకుంటూ వచ్చి కోటును నాకింది. "ఇంగా పువ్వే," అని మామ తల అడ్డంగా ఊపాడు. మూడో రోజు వాసన చూసి తుమ్మింది. "దోవలో పడినాడు," అన్నాడు మామ. నాలుగో రోజు దూరంగా కూర్చుని నా వైపు చూస్తూ ఆలోచించింది. చదువుకునే రోజుల్లో ఏ పరీక్ష ఫలితం కోసమూ నేనంత ఆత్రంగా ఎదురుచూడలేదు.

ఐదో రోజు గట్టు పక్కన ఆటో ఆగింది. డ్రైవరు ముందే దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. వెనక నుంచి అమ్మ దిగింది. ఆమె వెనక నా ఇనప పెట్టె.

"అమ్మా! అదెందుకు తెచ్చినావు?"

"నీ ఒక్కని చెమట యాడ చాలుతుందిరా. పదిహేడు మంది చెమట మిద్దె మీద ఊరికే మూలుగుతాంది."

"అది కలెక్షనమ్మా!"

"ఉతికినావా?"

"లేదు. ఒక్కటి కూడా."

"శానా మంచి పని చేసినావు," అంది అమ్మ. పుట్టిన తర్వాత ఆమె నోట నేను విన్న మొదటి మెప్పు అది. "రా, కొయ్యలు పాతు."

పెట్టె మూత తీయగానే గట్టు మీదివాళ్లంతా రెండడుగులు వెనక్కి వేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే మెచ్చుకోలుగా ముందుకొచ్చారు. "ఏమప్పా, ఏం సరుకప్పా ఇది!" అన్నాడు పక్క చేనాయన, లారీ డ్రైవరు చొక్కా పీల్చి, కళ్లలో నీళ్లతో. నా చొక్కాలను అంత గౌరవంగా ఎవరూ ముట్టుకోలేదు, ప్రతీక్ కూడా. సాయంత్రానికి గట్టు పొడుగునా పదిహేడు కొయ్యలు, పదిహేడు పనిబట్టలు. మర్నాడు పొద్దున చూస్తే గిట్టల గుర్తులు గుట్ట కింద దాకా వచ్చి, అక్కడే ఒక గుండ్రం తిరిగి, వెనక్కి పోయాయి. అత్త ఆ గుర్తుల దగ్గర నిలబడి, నా వైపు చూసి, వారం తర్వాత మొదటిసారి నవ్వింది.

"అయితే నేను పోసుకోవచ్చా అత్తా?"

"గండి కాడ మీ మామ కోటే ఉండల్ల. శిక్ష శిక్షే. ఇంగా నాలుగు దినాలుండాది."

ఎనిమిదో రోజు ప్రతీక్ దిగాడు. అనంతపురంలో మా ఇంటికి వెళితే నాయన, "వాడు చేన్లో ఉండాడు, గాలి వచ్చే దిక్కు పట్టుకొని పో," అని దోవ చెప్పాడట. నేను గండి దగ్గర రాయి మీద కూర్చుని ఉన్నాను. తల మీద తువ్వాలు, వారం గడ్డం, మట్టి మొహం, ఒంటి మీద కోటు. వాడు గట్టు వెంట కెమెరాతో వస్తూ ప్రతి చొక్కా ముందూ ఆగి దండం పెట్టినంత పని చేస్తున్నాడు. గాలికి చేతులు ఆడిస్తున్న ఖాకీలు, వెనక గుట్ట, కింద పచ్చటి చేను. వాడి కళ్లు పెద్దవయ్యాయి. చివరికి నా ముందు ఆగాడు. మొహం చూడలేదు. కోటే చూశాడు.

"తాతా, నమస్తే," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "టిప్స్ ఎక్కడ? ఈ ఎగ్జిబిషన్ చాలా బాగుంది. పొలంలో పెట్టాలని ఐడియా ఎవరిది?"

"మా అమ్మది," అన్నాను.

"ఈ కోటు ఎన్ని సంవత్సరాల నుంచి వేసుకుంటున్నారు తాతా?"

"ఎనిమిది రోజుల నుంచి. ప్రతీక్, నేనేరా."

వాడు వెనక్కి గెంతాడు. ఆశ్చర్యంతో అని మొదట అనుకున్నాను. కాదు, గాలి తిరిగింది.

తేరుకున్నాక మామను పట్టుకున్నాడు. "అంకుల్, ఈ కోటు నాకు అమ్ముతారా? మీరు ఎంత చెబితే అంత ఇస్తాను. అద్దాల బీరువాలో పెట్టుకుంటాను."

మామ బీడీ ఆర్పాడు. "నేను ఆ కోటు ఒగే నాడు డ్యూటీలో చేరినామప్పా. నేను రిటైరైనా. అది ఇంగా కాలే. డ్యూటీలో ఉండేదాన్ని ఎట్ల అమ్మేది?"

ప్రతీక్ తీసిన పర్సు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను ఏడాది పాటు గుండీలు లెక్కబెట్టి, కుట్టు వరసలు లెక్కబెట్టి, అతుకుల మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. అన్నిటినీ పాతబట్టలనే అనుకున్నాను తప్ప, ఇంకా పని మానని బట్ట ఒకటి ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

తొమ్మిదో రోజు సాయంత్రం రాజును పిలిచారు. అది నా దగ్గరికి సగం దూరం వచ్చి, ఆగి, మూతి ఎత్తి ఒకసారి పీల్చి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఊళ్లోకి పరుగెత్తింది. గట్టు మీద చప్పట్లు మోగాయి. మామ స్వయంగా నా ఒంటి మీది కోటు విప్పి కొయ్యకు తొడిగాడు. అత్త బావి దగ్గర మూడు బకెట్లు తోడి పెట్టింది, నాలుగోది అడిగితే అదీ తోడింది. మర్నాటి నుంచి కాయ పీకారు. పందులు తిన్నది పోగా మిగిలిన చేను మిగిలింది. మామ కన్ను బాగైంది. అత్త నాకు ఒక మూట వేరుశెనక్కాయలు ఇచ్చి, "తిప్పా, పాతగుడ్డలు ఇంగేమన్నా దొరికితే తీసుకురా," అంది.

నా పదిహేడింటి సంగతి అడుగుతారేమో. పెట్టె ఖాళీగానే ఇంటికి వచ్చింది. పక్క చేన్లవాళ్లు తలా ఒకటి తీసుకున్నారు. లారీ డ్రైవరు చొక్కా కోసం ఇద్దరు వాదులాడుకున్నారట కూడా. ఇప్పుడు అవన్నీ కళ్యాణదుర్గం చుట్టుపక్కల గట్ల మీద ఉద్యోగాలు చేసుకుంటున్నాయి. ప్రతీక్ ఏటా వచ్చి వాటిని పలకరించి, ఫొటోలు తీసుకుని, ముట్టుకోకుండా పోతాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందూ ఇదే నా ప్రమాణం. కొయ్య మీద కనబడిన ఏ బట్టనైనా, అది డ్యూటీలో ఉందో లేదో విచారించకుండా ఈ జన్మలో ముట్టను. ఒకరి చెమటను వాళ్ల అనుమతి లేకుండా ఉతకను. లావెండరు సీసా ఉన్న గదిలో నిద్రపోను. ఈ ప్రమాణం తప్పితే పందులు నా పెళ్లిబట్టలు నమలుగాక.

ఇక ఉంటాను. పొద్దున మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, మొన్నటి వానకి కోటు వాసన రోంత తగ్గింది. నా చెమట ఎప్పుడో పాయె, పందులకి ఇప్పుడు నీ వాసనే అలవాటు. యానాడు వస్తావు?" అన్నాడు. ఏటా ఇదే వరస, తొమ్మిది రోజుల సెలవు దాచిపెట్టుకుంటాను. రేపు మొదటి బస్సుకే బయలుదేరాలి. అమ్మ అప్పుడే బాత్రూముకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది.